మంచానికి ఇరవై ఎనిమిది అంగుళాల్లో రివాల్వరు

మీరే దీనికి బాధ్యులు. జిల్లా ఆయుధ విభాగంలో ఫ్యాను కింద కూర్చుని నిబంధనలు రాసిన పెద్దలు, వాటిని చదవకుండా సంతకాలు పెట్టిన ఇంకా పెద్దలు, నా ఉపన్యాసాలకు చప్పట్లు కొట్టిన కాలనీ జనం, మీరందరూ కలిసి నా మంచం పక్కన ఆరు గుండ్లతో ఒక రివాల్వరు పెట్టారు. దాన్ని నేను కదపకూడదు, మీరు తీసుకుపోరు. నా భార్య చెంచమ్మ ఇల్లు వదిలి పదహారు రోజులైంది. దీని మీద కేసు పెడితే మొదటి ముద్దాయి ఎవరో కూడా ముందే చెప్పేస్తాను. నేనే. పలకల ఫ్యాక్టరీ కార్మిక సంఘం మాజీ కార్యదర్శి గురవయ్యను. ఆ తుపాకీ కావాలని నలభై ఒక్క రోజులు టెంటు వేసుకుని గొంతు చించుకున్నది నేనే.

నేను బడికి పోలేదు. ఫ్యాక్టరీలో విరిగిన పలకలు పారేసే గుట్ట మీద కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాను. కాబట్టి నున్నగా రాయడం నాకు చేతకాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, మీరు సిగ్గుపడాల్సిన చోట సిగ్గుపడండి. నేను ఇప్పటికే మొదలుపెట్టాను.

పోయిన ఎండాకాలంలో మా బలపాల కాలనీలో నాలుగిళ్ళ బోరు మోటార్లకున్న రాగి తీగ ఎవరో కోసుకుపోయారు. ఆ వారంలోనే నేను ఫోనులో ఒక వీడియో చూశాను. ఏ దేశమో తెలియదు. ఒక మనిషి పరుపు మీద వెల్లకిలా పడుకుని ఉంటాడు, తలుపు చప్పుడవుతుంది, కన్ను తెరిచేలోగా చేతిలో పిస్తోలు ఉంటుంది. ఆ మనిషి పక్కన స్టూలు, స్టూలు మీద దీపం, దీపం పక్కన పిస్తోలు. పదిహేడు సార్లు చూశాను. మా ఇంట్లో స్టూలు ఉంది. దీపం ఉంది. మూడోది లేకపోవడం నాకు ఘోరమైన అన్యాయంగా తోచింది.

బోర్లు పెరట్లో ఉంటే, మంచం పక్కన తుపాకీ పెట్టుకుని రాగి తీగనెలా కాపాడతావని చెంచమ్మ ఆ రోజే అడిగింది. ఉద్యమం నడిచేటప్పుడు అలాంటి ప్రశ్నలు వేయకూడదని చెప్పాను. మర్నాడు కలెక్టరాఫీసు ఎదురుగా టెంటు లేచింది. ‘నిద్రలోనూ రక్షణ మా హక్కు’ అని నేనే బ్యానరు రాశాను. ‘చేతికందే తుపాకీ ఇవ్వాల్సిందే’ అని మైకులో నేనే అరిచాను. కాలనీ జనం రోజుకో జట్టుగా వచ్చి కూర్చున్నారు. రాగి తీగ పోయిన నాలుగిళ్ళ వాళ్ళు మాత్రం రాలేదు. వాళ్ళు కొత్త తీగ వేయించుకునే పనిలో ఉన్నారు.

నలభై ఒకటో రోజున ఆయుధ విభాగం సూపరింటెండెంటు పద్మనాభరావు గారు స్వయంగా టెంటు దగ్గరికి వచ్చారు. నుదుటి మీద ముడత కూడా అనుమతి తీసుకుని పడినట్టుండే మనిషి. చేతిలో ఉత్తర్వు. దాని పేరు ప్రయోగాత్మక శయ్యాసన్న ఆయుధ పథకం, అంటే మంచం పక్కన తుపాకీ. దరఖాస్తుదారులందరిలోకీ అత్యంత బిగ్గరగా కోరినవారిని ఏకైక లబ్ధిదారునిగా ఎంపిక చేసితిమని చదివి వినిపించారు. రివాల్వరు ప్రభుత్వమే ఇస్తుంది. పథకం విజయవంతమైతే జిల్లాలో ఇంకో మూడు వందల ఇళ్ళకు విస్తరిస్తారు. నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. ఉద్యమ జీవితంలో నాకు దక్కిన ఒకే ఒక విజయం అది. అందుకని నిబంధనలు చదవలేదు.

నాలుగో నిబంధన ఇది: ఆయుధము సర్వకాల సర్వావస్థల యందును, గుండ్లతో సన్నద్ధమై, శయన స్థితిలో నున్న లబ్ధిదారుని కుడిచేతికి అందుబాటులో నుండవలెను. ఏడో నిబంధన ఇది: సదరు ఆయుధము కుటుంబ సభ్యులలో మరెవ్వరి చేతికిని అందుబాటులో నుండరాదు.

మొదటి తనిఖీకి వాళ్ళు మధ్యాహ్నం పూట వచ్చారు. మా ఇళ్ళలో పగలు నవారు మంచం ఎత్తి గోడకు ఆనిస్తారు. పద్మనాభరావు గారు గదంతా చూసి, మంచము గైరుహాజరు అని రాసుకున్నారు. నేను పరుగెత్తి మంచం తెచ్చి వేశాను. ఆయన దాన్ని ఒక వేలితో నెట్టారు. కదిలింది. కదిలే మంచానికి అందుబాటు అనేది చట్టరీత్యా ఎలా నిలుస్తుందని అడిగారు. మూడు రోజుల్లో మేస్త్రీ వచ్చి మంచం కోళ్ళు నాలుగూ నేలలో పాతి సిమెంటు చేశాడు. ఎండాకాలం వాకిట్లో మంచం వేసుకుని పడుకునే అరవై ఆరేళ్ళ అలవాటు ఆ సిమెంటు కిందే పోయింది.

తర్వాత నన్ను పడుకోబెట్టి భుజం నుంచి వేలి కొన దాకా టేపు పెట్టారు. ఇరవై ఎనిమిది అంగుళాలు. అక్కడ స్టూలు, స్టూలు మీద రివాల్వరు. స్టూలు చుట్టూ నేల మీద బలపంతో ఒక గీత గీశారు. అప్పుడు చెంచమ్మ చేయి కొలిచారు. నలభై రెండేళ్ళుగా నా మంచానికి ఆనుకుని ఆమె మంచం ఉంటుంది. ఆమె చేయి ఇరవై ఆరు. ఎటు తిప్పి వేసినా ఆమె చేయి గీత లోపలికే వస్తోంది.

‘‘సహధర్మచారిణి గారి శయ్యను స్థానాంతరము గావించవలసి యుండును’’ అన్నారు పద్మనాభరావు గారు.

‘‘నా మంచం యాడికి?’’ అని చెంచమ్మ నన్ను అడిగింది, ఆయన్ని కాదు.

వసారాలోకి పోయింది ఆమె మంచం. మా ఇల్లు రైలు పెట్టెలాంటిది. ముందు వసారా, మధ్యలో గది, వెనక వంటిల్లు, ఆ వెనక పెరట్లో మరుగుదొడ్డి. చెంచమ్మకు షుగరు. రాత్రికి మూడుసార్లు లేస్తుంది. లేచిన ప్రతిసారీ నా గదిలోంచే పోవాలి. ఈ విషయం నేను లిఖితపూర్వకంగా తెలియజేస్తే, దానికీ ఒక నమూనా పత్రం వచ్చింది. నేను ఫలానా, ఫలానావారి భార్యను, ఫలానా అవసరము నిమిత్తము లేచితిని అని గడపలో నిలబడి స్పష్టంగా చదివిన తర్వాతే లోపలికి రావాలి.

మొదటి రోజు చదివింది. చదవాలంటే లైటు వేయాలి. లైటు వేస్తే నాకు మెలకువ వస్తుంది. మెలకువ వస్తే ఎదురుగా ఉన్నది నా భార్యేనని కళ్ళకు కనబడుతుంది. ఇక కాగితం ఎందుకని అడిగింది. నిబంధన అన్నాను. రెండో రోజు నుంచి ఆమె గదిలోకి రావడం మానేసింది. వీధి తలుపు తీసుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ, ఇల్లంతా చుట్టి పెరట్లోకి పోయేది. ఇంటి చుట్టూ తిరిగే ఆ అడుగుల చప్పుడుకు నేను దొంగేమోనని లేచేవాణ్ణి. అంటే దొంగ లేని ఇంట్లో రాత్రికి మూడుసార్లు దొంగ తిరగడం మొదలుపెట్టాడు. నాకు నిద్ర లేకుండా పోయింది. చేయి మాత్రం నేర్చుకుంది. ఏ చప్పుడైనా సరే, నా ప్రమేయం లేకుండా కుడివైపుకు పోయేది. నాకు గర్వంగా కూడా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

ఇంతలో దసరా వచ్చింది. ఫ్యాక్టరీ రోజుల నుంచి మాకు ఆయుధ పూజంటే పెద్ద పండగ. చెంచమ్మ నా పాత రంపానికి, ఉలికి, సైకిలుకు, మిక్సీకి బొట్లు పెట్టింది. దాన్ని కూడా పట్టుకురా, పండగ పూట దానికొక్కదానికీ ఎందుకు లోటు అంది. ఏడో నిబంధన ప్రకారం ఆమె చేయి తగలకూడదు కాబట్టి నేనే పట్టుకున్నాను. ఆమె గంధం పెట్టింది. సైకిలుకైతే చక్రం ఇరుసు దగ్గర పెడతాం. తిరిగే వస్తువుకు తిరిగే చోట పెట్టడం మా పద్ధతి. రివాల్వరులో గుండ్లుండే చక్రం తిరుగుతుందని గుండ్లు నింపేటప్పుడు చూసిన నేనే ఆమెకు చూపించాను. అక్కడ ధారాళంగా పూసింది, పైన కుంకుమ అద్దింది. పూజలో పెట్టిన బొట్టు తుడవకూడదు, దానంతటది రాలాలి. నేను దాన్ని అలాగే తీసుకెళ్ళి స్టూలు మీద పెట్టాను.

పండగ వెళ్ళిన ఆరో రోజున పథకం తుది పరీక్ష. ఆఫీసు వేళల్లోనే జరగాలి కనుక ఉదయం పదకొండు గంటలకు పెట్టారు. పద్మనాభరావు గారితో పాటు ఇమ్మానియేలు అనే జూనియర్ అసిస్టెంటు వచ్చాడు. ఆయన్ని దొంగ విధుల్లో నియమిస్తూ ప్రత్యేకంగా ఉత్తర్వు ఉంది. పాపం, మెత్తని మనిషి. వీధి గడప దగ్గర చెప్పులు విడిచాడు. దొంగ చెప్పులు విడిచి వచ్చునా అని పద్మనాభరావు గారు మందలించారు.

‘‘ఒకరింట్లోకి చెప్పులతో ఎట్టా వస్తామండీ’’ అన్నాడు ఇమ్మానియేలు.

ఈ విషయం మీద పావుగంట చర్చ జరిగి, చివరకు దొంగ చెప్పులు చేతిలో పట్టుకుని రావడానికి అంగీకారం కుదిరింది. లబ్ధిదారుడు యథార్థ నిద్రలో నుండవలెను, గురక వినబడిన పిదపనే దొంగ ప్రవేశించవలెను అని నిబంధన. పట్టపగలు, మండుటెండ వేళ, పద్మనాభరావు గారు గది మూల కుర్చీలో గడియారం పట్టుకుని చూస్తుండగా నేను దుప్పటి కప్పుకుని పడుకున్నాను. నటిద్దామనుకున్నాను. కానీ ఎన్నో వారాలుగా నిద్రలేని మనిషిని. నిజంగానే నిద్రపోయాను.

తర్వాత జరిగింది నాకు ముక్కలుగా గుర్తుంది. ఎండన పడి వచ్చిన వాళ్ళకు మజ్జిగ ఇవ్వకుండా పంపడం చెంచమ్మకు చేతకాదు. ఇంటి చుట్టూ తిరిగి వెనక నుంచి వంటింట్లోకి పోయి, నాలుగు స్టీలు గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని, పరీక్ష ఇంకా మొదలవలేదనుకుని గదిలోకి వచ్చింది. గ్లాసులు ఒకదానికొకటి తగిలిన చప్పుడు వినబడింది. నా చేయి ఇరవై ఎనిమిది అంగుళాలు పోయింది. కళ్ళు తెరిచేసరికి రివాల్వరు చెంచమ్మ గుండెకు గురిపెట్టి ఉంది, నేను మీట నొక్కుతున్నాను. కదల్లేదు. మళ్ళీ నొక్కాను. కదల్లేదు. తిరగాల్సిన చక్రంలో గంధం ఎండి రాయిలా బిగుసుకుంది.

పరీక్షకు ముందు గుండ్లు తీయాలని ఎవరికీ తోచలేదు. తీయమనే నిబంధన లేదు. ఆరు గుండ్లూ అందులోనే ఉన్నాయి.

గ్లాసుల్లోంచి ఒక్క చుక్క తొణకలేదు. చెంచమ్మ పళ్ళెం తీసుకెళ్ళి ముందు పద్మనాభరావు గారికి ఒక గ్లాసు ఇచ్చింది. గడపలో చెప్పులు పట్టుకుని బిగుసుకుపోయిన ఇమ్మానియేలుకు ఒకటి ఇచ్చింది. మూడోది తెచ్చి నా స్టూలు మీద పెట్టింది, బలపం గీత లోపల.

‘‘రెండుసార్లు నొక్కావయ్యా’’ అంది. ‘‘ఒకసారే అయితే నిద్రలో అనుకుందును.’’

నేను రివాల్వరును మజ్జిగ గ్లాసు పక్కన పెట్టాను, గీత లోపలే.

పద్మనాభరావు గారి నివేదిక నాకు నకలు వచ్చింది. ప్రతిస్పందన సమయము మూడు సెకన్లు, ప్రశంసనీయము. గురి నిశ్చలము. ఆయుధము నందు అనధికార సుగంధ ద్రవ్యము కానవచ్చినందున లబ్ధిదారుని సంజాయిషీ కోరవలెను. మొత్తము మీద పథకము విజయవంతము. ఎదురుగా ఉన్నది ఎవరు అని రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. నేను మూడుసార్లు వెతికాను. ఆయన్ని వెళ్ళి అడిగితే, ఎదుటివారి వివరములు పథకం పరిధిలోనికి రావు అని చాలా మర్యాదగా చెప్పారు.

చెంచమ్మ ఆ మధ్యాహ్నమే తన మంచం ఆటో మీద కట్టించుకుని రెండు వీధుల అవతల చెల్లెలింటికి పోయింది. ఆమె మంచానికి సిమెంటు లేదు కాబట్టి పోగలిగింది. ఆ వస్తువు ఉన్న ఇంట్లో తానుండనని చెప్పింది. అరవలేదు, ఏడవలేదు. సాయంత్రం మాత్రలు మర్చిపోయిందని నేను పట్టుకెళితే గేటు దగ్గరే తీసుకుంది.

మర్నాడు నేను కలెక్టరాఫీసుకు పోయి, తుపాకీ వద్దు, తీసుకుపొమ్మని అర్జీ పెట్టాను. చక్రం బిగుసుకుంది, గుండ్లు లోపలే ఉన్నాయి, తెలిసిన మనిషి వచ్చి తీయాలి అని ఎర్రసిరాతో రాశాను. వారానికి జవాబు వచ్చింది. ఆయుధమును లబ్ధిదారుడే స్వయముగా తెచ్చి అప్పగించవలెను. అయితే నాలుగో నిబంధన అప్పగింత పూర్తగు పర్యంతము వర్తించును. అనగా దారి పొడవునా లబ్ధిదారుడు శయన స్థితిలో నుండవలెను, ఆయుధము అతని కుడిచేతికి అందుబాటులో నుండవలెను.

తెలివిగలవాడైతే ఆ కాగితం చించేసేవాడు. నేను ఉలి తీసుకుని మంచం కోళ్ళ చుట్టూ సిమెంటు పగలగొట్టాను. సంఘం పాత మిత్రులు నలుగురిని పిలిచి, రివాల్వరు లేకుండా ఒకసారి రిహార్సలు చేద్దామన్నాను. నేను మంచం మీద పడుకున్నాను. నలుగురూ నాలుగు వైపులా ఎత్తుకున్నారు. బజారు మీదుగా బయల్దేరాం.

‘‘గురవన్నా, కళ్ళు మూసుకోబాక’’ అన్నాడు ముందు కోడు పట్టుకున్న మస్తాను. ‘‘జనం ఇంకోటి అనుకుంటారు.’’

ఎండ నేరుగా మొహం మీద కొడుతుంటే మూసుకోక ఏం చేస్తాను. కిరాణా కొట్టతను షట్టరు సగం దించాడు. పూల బుట్ట ముందు కూర్చున్నామె నా మీద ఒక బంతిపూల దండ వేసింది. ఎప్పుడు పోయాడని ఎవరో అడిగితే, పదకొండు గంటలకు పోవాలి అని వెనక కోడు పట్టుకున్నతను ఆఫీసు సంగతి చెప్పాడు. ఊరేగింపు చప్పగా ఉందని, ఒక నినాదం ఇవ్వమని నేను కళ్ళు తెరవకుండానే అన్నాను. మస్తానుకు సంఘం అలవాటు కొద్దీ మంచం, పూలు, నలుగురు మనుషులు చూసేసరికి నోటికి వచ్చింది ఒకటే. జోహార్ కామ్రేడ్ గురవయ్య అన్నాడు. జనం అందుకున్నారు.

ఆ కేక రెండు వీధుల అవతలికి వినబడింది.

మంచం ఒక్కసారి ఒక పక్కకు ఒరిగింది. కళ్ళు తెరిచాను. చెంచమ్మ నవారు పట్టీని రెండు చేతులా పట్టుకుని ఉంది. కాళ్ళకు చెప్పులు లేవు. మోకాళ్ళు నొప్పులని నాలుగడుగులకోసారి ఆగే మనిషి అంత దూరం ఎలా పరుగెత్తిందో తెలియదు. ఊపిరి అందడం లేదు. నేను లేచి కూర్చున్నాను. మెడలో బంతిపూలు.

ఆమె నన్ను చూసింది. రివాల్వరు ఎదురుగా నిలబడినప్పుడు తొణకని మనిషి. ఇప్పుడు నా మెడలో దండ లాగి తెంపి రోడ్డు మీద పారేసింది.

‘‘దిగు’’ అంది. ‘‘దిగి నడువు. వాళ్ళనే వచ్చి తీసుకుపోమను దాన్ని. అది పోయినాక కబురు చెయ్, మంచం తెచ్చుకుంటా.’’

దిగాను. ఆమెను చెల్లెలి గేటు దాకా దింపి, ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. రాస్తున్నది వసారాలో కూర్చుని. గదిలోకి పోవడం లేదు.

ఇక నేను మంచం ఎక్కి రాను. ఇది అర్జీ కాదు, నకళ్ళు కూడా జతపరచడం లేదు. రేపు పదకొండు గంటలకు తుపాకీ విప్పడం తెలిసిన మనిషిని నా ఇంటికి పంపండి. ఇమ్మానియేలు గారిని తోడు పంపండి, మీ ఆఫీసులో ఒకరింటికి ఎలా రావాలో తెలిసింది ఆయనకే. గుండ్లు తీయండి, రివాల్వరు తీసుకుపొండి, రసీదు ఇవ్వకపోయినా పర్వాలేదు. పథకం విజయవంతమని రాసిన నివేదిక కొట్టేయండి. మూడు వందల ఇళ్ళ జాబితా చించేయండి, ఆ ఇళ్ళలో గంధం అరగదీసే వాళ్ళు ఉన్నారో లేరో మీకు తెలియదు. నా బ్యానరు మీ ఆఫీసు గోడకు ఇంకా వేలాడుతూ ఉంటే దాన్ని కూడా పీకేయండి, రాసింది నేనే, నేనే చెబుతున్నాను.

మజ్జిగ నేను కలిపి ఉంచుతాను. తాగి, పోయేటప్పుడు నేల మీద ఆ బలపం గీత తడిగుడ్డతో తుడిచి పొండి. ఆ ఇరవై ఎనిమిది అంగుళాల చోటు నాకు ఖాళీగా కావాలి. అక్కడ చెంచమ్మ మంచం వేయాలి.